బావురు పిల్లికి పంతొమ్మిది పులుసులు

మంగళవారం ఉదయం పళ్ళు తోముకుంటూ బుల్లిరాజు గారు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మర్నాడు ఆరు గంటలకి అటవీ శాఖ ఆఫీసరు గారికి ఒక పిల్లిని చూపించాలి. ఏడు గంటలకి ఇంటికొచ్చి పెసరట్టు తినాలి. ఇంతకంటే పెద్ద ప్లానులు వేసినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు గానీ, ఇంత చిన్న ప్లానుని అంత దూరం తీసుకెళ్ళినవాళ్ళు రామచంద్రపురం చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

అది మామూలు పిల్లి కాదు, బావురు పిల్లి. వీధిపిల్లికి రెండింతలుంటుంది. ఒంటి నిండా నల్లటి చుక్కలుంటాయి. నీళ్ళలోకి దూకి చేపలు పట్టుకుంటుంది. కాలనీ వెనక తోపులో అది ఉందని అర్జీ పెట్టింది బుల్లిరాజు గారే. తోపులో అరవై రెండు చెట్లు, వాటి నడుమ తుంగ పెరిగిన నీటిగుంట, కొమ్మల నిండా కొంగలు, నీటికాకులు ఉన్నాయి. ఈ మధ్యే ఆ తోపుని నందనవనం విల్లాస్ అనే కంపెనీ కొని, రోడ్డు మీద పెద్ద బోర్డు పెట్టింది. "చెట్ల మధ్య, పక్షుల పాటల మధ్య జీవించండి" అని దాని మీద రాసి ఉంది. అలా జీవించడానికి వీలుగా గురువారం నాడు అరవై రెండు చెట్లూ నరికేస్తారు.

ఆఫీసరు లోకనాథ్ గారు ఫోన్లోనే విషయం తేల్చేశారు. "జంతువుని నేను కళ్ళారా చూడాలండి. చూస్తే రిపోర్టు రాస్తాను, ఫైలు పైకి వెళ్తుంది, అంతవరకూ చెట్టు మీద గొడ్డలి పడదు. చూడకపోతే మాత్రం నేను చెయ్యగలిగేది ఏమీ లేదు. బుధవారం ఆరింటికి వస్తాను."

చిక్కల్లా ఏమిటంటే, బుల్లిరాజు గారు చూశానంటే ఎవరూ నమ్మరు. రెండేళ్ళ కిందట ఆయన కాలువలో మొసలిని చూశారు. మూడు ఊళ్ళవాళ్ళు నాలుగు రోజులు స్నానాలు మానేశారు. ఐదో రోజు మొసలి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అది అరటి బోదె. అప్పటినుంచి ఆయన వాన వస్తుందంటే కాలనీలో ఆడవాళ్ళు వడియాలు ఎండబెట్టుకుంటున్నారు.

కానీ ఈసారి ఆయన నిజంగానే చూశారు. మూడు వారాల కిందట, తెల్లవారుజామున, గుంట గట్టు మీద. అది ఆయన్ని చూసింది, ఆయన దాన్ని చూశారు. తర్వాత అది ఒక చేపని నోట కరుచుకుని తొందరేమీ లేకుండా తుంగలోకి వెళ్ళిపోయింది. ముప్ఫై ఏళ్ళు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసినా ఆయన్ని అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. రేపు గనక అది కనబడకపోతే తోపు పోతుంది, తను చచ్చేదాకా అరటి బోదె బుల్లిరాజుగానే ఉండిపోతాడు. పళ్ళు తోముకుంటున్నంతసేపూ ఆయన దిగులు ఇదే.

సందు మొదట్లో చేపల తట్ట దించుకుని కూర్చున్న మరిడమ్మని సలహా అడిగారు. తోపులో ఏ జంతువు ఎప్పుడు లేస్తుందో ఆ కాలనీలో తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"బతికున్న కొరమీనుని తీసుకెళ్ళి, గుంటలో నీళ్ళు తక్కువగా ఉన్న చోట వదిలెయ్యండి రాజు గారు. అదే వస్తాది."

"ఒక్కటి సరిపోద్దా మరిడమ్మా?"

"సరిపోకేంటండి. వచ్చేది పిల్లి, మగపెళ్ళివారు కాదు కదండి."

బుల్లిరాజు గారికి ఒక్క చేప మీద నమ్మకం కుదరలేదు. కాలనీ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. "రేపు ఉదయం ఐదున్నరకల్లా ఇంటికొక చేప చొప్పున గుంట గట్టున పెట్టవలెను. మన అతిథికి లోటు రానివ్వకండి." మొదటి వాక్యంతో ఆపి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. గోదావరి జిల్లాలో అతిథి అనే మాట వాడేశాక ఇంక పరిస్థితి ఎవరి చేతుల్లోనూ ఉండదు.

పది నిమిషాల్లో ఆయన భార్య రత్నమాణిక్యం గారు వంటింట్లోంచి ఫోన్ పట్టుకుని బయటికొచ్చారు.

"ఏవండీ, చేప పెట్టమన్నారు. పచ్చి చేపేనా?"

"పిల్లికే కదే పెట్టేది."

"పిల్లయితే మాత్రం? మనం పిలిచాం కదండీ. పిలిచి పచ్చిది పడేస్తామా? ఎదురింటివాళ్ళు కొరమీను పులుసు పెడుతున్నారంట. మన ఆకులో పచ్చి చేప ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

బుల్లిరాజు గారు వాదించలేదు. ముప్ఫై ఒక్కేళ్ళ సంసారంలో చేపల పులుసు గురించి ఆయన ఒక్కసారే వాదించారు. ఆ తర్వాత పదకొండు రోజులు పచ్చడి మెతుకులు తిన్నారు.

ఆ సాయంత్రం కాలనీలో పంతొమ్మిది ఇళ్ళ పొయ్యిల మీద పులుసు మరిగింది. కొరమీను, బొమ్మిడాయి, చందువా, ఒకరింట్లో రొయ్యలు కూడా. మంగళవారం నీచు ముట్టని ఆరిళ్ళ వాళ్ళు రుచి చూడకుండా దేవుడి మీద భారం వేసి వండారు. చేపలు బొత్తిగా తినని లెక్కల మాస్టారి ఇంట్లో, పిల్లికి ఏదైనా మొక్కు ఉంటే ఇబ్బంది పడకూడదని గుత్తివంకాయ పులుసు చేశారు. ఆ వాసనకి కాకినాడ బస్సులో వెళ్తున్న ఎనిమిది మంది తమది కాని స్టాపులో దిగిపోయారు.

పొద్దు వాలుతుండగా పక్కింటి పావని వచ్చింది. బ్యూటీ పార్లర్ నడుపుతుంది.

"బాబాయ్ గారూ, రేపది రాకపోతే ఏంటండి?"

"వస్తాదమ్మా."

"మొసలప్పుడు కూడా ఇంతే ధైర్యంగా చెప్పారండి."

బుల్లిరాజు గారు కుర్చీలో కొంచెం కిందికి జారారు. పావని జాలిపడింది. "పోనీ మా మేనేజర్ని వాడుకోండి. చుక్కలు నేను వేస్తాను."

మేనేజర్ అంటే పావని పెంచుకుంటున్న బూడిదరంగు పిల్లి. రోజూ తొమ్మిదింటికి పార్లర్ కుర్చీ ఎక్కి, సాయంత్రం ఆరుకి దిగుతుంది. మధ్యలో ఏ పనీ చెయ్యదు. అందుకని ఆ పేరు స్థిరపడింది.

"అది మోసం కదమ్మా?"

"మోసమేముందండి. పెళ్ళికూతుళ్ళకి నేను వేసే మేకప్పుకి ఇంతవరకూ ఒక్క పెళ్ళికొడుకు కూడా కేసు పెట్టలేదు."

బుల్లిరాజు గారు అరవై రెండు చెట్ల వైపు చూశారు. కొంగలు గూళ్ళకి చేరుతున్నాయి. "అసలుది రాకపోతేనే," అన్నారు చివరికి. "అది కూడా దూరంగా తుంగ పక్కన ఒక్క నిమిషం కనబడి వెళ్ళిపోవాలి. దగ్గరికి రాకూడదు."

"ఆయ్. దానికి చెప్తానండి," అంది పావని.

జుట్టుకి వేసే నల్లరంగు, రెండు బ్రష్షులు, ముప్పావు గంట పట్టింది. రంగు వేసిన జుట్టు ఒకరోజు తడవకూడదని డబ్బా మీద రాసి ఉంది. మేనేజర్ దాన్ని చదవలేదు.

బుధవారం తెల్లవారేసరికి గుంట గట్టు మీద పంతొమ్మిది అరిటాకులు వరసగా వేసి ఉన్నాయి. ప్రతి ఆకులో అన్నం, మీద పులుసు, పక్కన నిమ్మచెక్క, కుడివైపు స్టీలు గ్లాసుతో నీళ్ళు. మరిడమ్మ మూతపెట్టిన తపేలాలో బతికున్న కొరమీనుతో వచ్చి, వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఏంటండి ఇది? ఎవరిదన్నా పెళ్ళాండి?"

"పిల్లికి, మరిడమ్మా," అన్నారు బుల్లిరాజు గారు.

"పిల్లికి పెళ్ళాండి?"

"పిల్లికి టిఫిను."

మరిడమ్మ ఒక ఆకు మీదికి ఒంగి చూసింది. "మరి నిమ్మకాయ ఎందుకండి?"

"పిండుకోడానికి," అన్నారు రత్నమాణిక్యం గారు.

"అది కదిలే చేపనే పట్టుకుంటాదమ్మా. ఉడికినదాని మొహం చూడదు."

"రుచి చూసి వద్దనమను, ఒప్పుకుంటాను. చూడకుండానే వద్దనడం ఏం మర్యాద?"

మరిడమ్మ తపేలా పట్టుకుని గుంట అవతలి వైపుకి వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆరింటికి లోకనాథ్ గారి జీపు వచ్చింది. దాని వెనకే మోటారు సైకిల్ మీద నందనవనం కంపెనీ ఇన్‌ఛార్జి గణేష్‌బాబు వచ్చి, చెప్పులు దూరంగా విడిచి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారమండి బుల్లిరాజు గారు. రేపు చెట్లు కొట్టించేస్తామండి. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోడానికేముందండి. మేం కూడా మీ మీద హైకోర్టుకి వెళ్దామనుకుంటున్నాం. రండి, ముందు కాఫీ తాగండి."

"ఆయ్. పంచదార కొంచెం తక్కువండి."

అప్పటికి పులుసుల వాసన పట్టుకుని మండలంలో కాళ్ళున్న ప్రతి జీవీ తోపుకి చేరింది. కుక్కలు గట్టు దిగువన, కాకులు కొమ్మల మీద, వీధిపిల్లులు ఆకుల చుట్టూ సర్దుకున్నాయి. లోకనాథ్ గారు వేలు చూపిస్తూ లెక్కపెట్టారు.

"అర్జీలో ఒక్క పిల్లి అని రాశారు. ఇక్కడ ఇరవై ఆరున్నాయేంటండి?"

"మనది ఇంకా రాలేదండి," అన్నారు బుల్లిరాజు గారు. "ఈలోగా మీరు రెండు ముద్దలు తినండి."

"వద్దండి. డ్యూటీలో ఉన్నాను."

"డ్యూటీ కూర్చుని కూడా చెయ్యొచ్చండి."

"వద్దండి, నిజంగా."

"మా ఆవిడ బాధపడుద్దండి."

ఆ ప్రాంతంలో రెండుసార్లు వద్దంటే మొహమాటం కింద లెక్క. మూడోసారి అనడానికి లోకనాథ్ గారికి వీలు పడలేదు. అప్పటికే నోట్లో కొరమీను ముక్క ఉంది. గణేష్‌బాబుని ఆరో ఆకు ముందు కూర్చోబెట్టారు.

"బాగుందండి," అన్నాడతను మర్యాదగా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. "ఉప్పు మాత్రం రెండుసార్లు పడినట్టుందండి."

"మంగళవారం వండింది కదండి. రుచి చూళ్ళేదు," అంది ఆ ఆకు పెట్టినావిడ.

"ఓహో. అయితే తప్పదులెండి," అని మారు వడ్డించుకున్నాడు.

ఆరున్నర అయింది. బావురు పిల్లి జాడ లేదు. పావుతక్కువ ఏడయింది. లోకనాథ్ గారు చెయ్యి కడుక్కోబోతూ వాచీ చూసుకున్నారు. బుల్లిరాజు గారు తుంగలో బుట్టతో కూర్చున్న పావని వైపు చూసి, ఉండబట్టలేక తల ఊపారు.

పావని బుట్ట మూత తీసింది. మేనేజర్ ఒళ్ళు విరుచుకుని తుంగలోంచి బయటికొచ్చింది. దూరం నుంచి చూస్తే నిజంగానే భయం పుట్టేలా ఉంది. బుల్లిరాజు గారు లేచి, గొంతు తగ్గించి, "అదిగోనండి," అన్నారు. లోకనాథ్ గారు తడిచెయ్యి గాల్లోనే ఆపి చూశారు. ఒక్క నిమిషం కనబడి వెళ్ళిపోవాల్సిన మేనేజర్ పంతొమ్మిది ఆకులనీ చూసింది. తర్వాత మంచులో తడిసిన గడ్డి మీదుగా నడుచుకుంటూ వచ్చి, తిన్నగా లోకనాథ్ గారి ఒళ్ళో కూర్చుని, ఆయన ఖాకీ ప్యాంటుకి రెండు వైపులా ఒళ్ళు రుద్దుకుని, ఆయన ఆకులోంచి ముక్క తీసుకుంది.

లోకనాథ్ గారి ప్యాంటు మీద పదకొండు చుక్కలు తేలాయి. పిల్లి మీద సరిగ్గా పదకొండు తగ్గాయి.

"బుల్లిరాజు గారు," అన్నారాయన నెమ్మదిగా, "ఈ బావురు పిల్లికి మెళ్ళో మువ్వ ఉందేంటండి?"

"కండిషనర్ వాసన కూడా వస్తుందండి," అన్నాడు గణేష్‌బాబు, ఉప్పు కన్నీళ్ళ మధ్య సంతోషంగా.

లోకనాథ్ గారు పిల్లిని దించి, లేచి, ఫైలు తెరిచి, రాస్తూ పైకి చదివారు. "ఫిర్యాదు కల్పితం. తోపులో రంగు వేసిన పెంపుడు పిల్లి తప్ప..."

"ఆగండి," అన్నారు బుల్లిరాజు గారు. "రంగు వేయించింది తప్పేనండి. నా మీద కేసు పెట్టండి, సంతకం పెడతాను. కానీ నేను ఆ రోజు చూసింది మాత్రం నిజం. ఈ తోపులో అది ఉందండి. మీరు ఆ ముక్క రాసేస్తే రేపు పొద్దున్నకి దాని ఇల్లు ఉండదు."

"మొసలి గురించి కూడా విన్నానండి నేను," అన్నారు లోకనాథ్ గారు.

రత్నమాణిక్యం గారు గరిటె పట్టుకుని ముందుకొచ్చారు. "మా ఆయనకి అబద్ధం రాదండి. ఆ బోదె అచ్చం మొసలి లాగే ఉంది. నేను కూడా చూశాను. పరువు పోద్దని బయటికి చెప్పలేదంతే."

బుల్లిరాజు గారు భార్య వైపు తిరిగి చూశారు. రెండేళ్ళుగా ఆవిడ ఆ మాట దాచుకున్నందుకు కోపం తెచ్చుకోవాలో, ఇవాళ చెప్పినందుకు సంతోషించాలో ఆయన తేల్చుకోలేకపోయారు.

ఆ సమయంలో గుంట అవతల నీళ్ళలో దబ్బుమని చప్పుడైంది. మరిడమ్మ వదిలిన కొరమీనుని నోట కరుచుకుని ఒక జంతువు నీళ్ళలోంచి పైకొచ్చింది. దిట్టంగా, పొట్టి తోకతో, ఒంటి నిండా చుక్కలతో ఉంది. కుక్కలన్నీ ఒక్కసారిగా ఇళ్ళు గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాయి. అది తిన్నగా బుల్లిరాజు గారి వైపు చూసింది. అదే చూపు.

లోకనాథ్ గారు మాత్రం నిట్టూర్చారు. "ఎన్ని పిల్లులకి వేశారండి రంగు?"

"సార్, అది నాది కాదండి," అంది తుంగలోంచి లేచి వచ్చిన పావని.

"రుద్దితే తేలుతుందిలెండి. ఆ తువ్వాలు ఇలా ఇవ్వండి."

పావని భుజం మీది తువ్వాలు తీసుకుని, గుంటలో ముంచి, ప్యాంటు మడిచి ఆయన అవతలికి నడిచారు. మరిడమ్మ "అయ్యగారండి, వద్దండి," అని రెండుసార్లు అంది. ఆయన దాన్ని మొహమాటం కింద లెక్కేసుకున్నారు.

పిల్లి చేపని తినడం ఆపడానికి ఇష్టపడక అక్కడే ఉండిపోయింది. లోకనాథ్ గారు ఒంగి, దాని వీపు మీద రుద్దారు. చుక్క పోలేదు. తువ్వాలు పిండి మళ్ళీ రుద్దారు. పోలేదు. ఇదేదో మంచి కంపెనీ రంగు అనుకుని డొక్కలో గట్టిగా రుద్దారు. పిల్లి మొదట ఆశ్చర్యపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ దానికి ఎవరూ స్నానం చేయించలేదు. చెవుల వెనక రుద్దేదాకా ఓపిక పట్టింది. తర్వాత కొరమీనుని పక్కన పెట్టి, పులుసు వాసన వస్తున్న ఆయన చేతిని కరిచి, మళ్ళీ కొరమీనుని తీసుకుని, తువ్వాలుతో సహా తుంగలోకి వెళ్ళిపోయింది.

జీపులో ఎక్కించి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఇంజెక్షన్లు చేసి, చేతికి అరటి గెలంత కట్టు కట్టారు. మంచం పక్కన ఒకవైపు బుల్లిరాజు దంపతులు కాఫీ ఫ్లాస్కుతో, ఇంకోవైపు గణేష్‌బాబు కొబ్బరిబోండంతో నిలబడ్డారు. డ్యూటీలో దెబ్బ తగిలింది కాబట్టి ఆఫీసువాళ్ళు ఒక ఫారం పంపారు. దాంట్లో మొదటి ప్రశ్న, దాడి చేసిన జంతువు ఏది.

"కుక్క అని రాసెయ్యండి సార్," అన్నాడు గణేష్‌బాబు మెల్లగా. "ఎవరికీ ఏ గొడవా ఉండదు."

"కుక్క అని రాస్తే, గుంట గట్టున కుక్కకి స్నానం ఎందుకు చేయించానో కూడా రాయాలండి."

"పోనీ, పెంపుడు పిల్లి అనండి."

"ఇరవై రెండేళ్ళ సర్వీసండి నాది. పెంపుడు పిల్లి కరిచి ఆసుపత్రిలో పడ్డానంటే జిల్లాలో తలెత్తుకోగలనా?" లోకనాథ్ గారు కట్టు వైపు చూసుకున్నారు. "అయినా అది పెంపుడు పిల్లి కాదండి. మూడు చోట్ల రుద్దాను. ఒక్క చుక్క కూడా చెదరలేదు. నా సర్వీసులో ఏ జంతువునీ ఇంత దగ్గరగా పరీక్షించలేదు. ఇలా పరీక్షించిన ఆఫీసరు దేశంలో ఇంకొకడు ఉంటాడనుకోను."

ఫైలు తెప్పించుకుని, కల్పితం అని రాసిన కాగితాన్ని ఎడమ చేత్తో చింపారు. "బుల్లిరాజు గారు, మీరు చెప్పింది నిజమేనండి. క్షమించండి."

బుల్లిరాజు గారు ఆ మాట వినడానికి రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. తీరా విన్నాక ఏం చెయ్యాలో తెలీక ఆయనకి కాఫీ పోశారు. గణేష్‌బాబు తెచ్చిన కొబ్బరిబోండం కాసేపు పట్టుకుని నిలబడి, తిరిగి తీసుకెళ్తే బాగుండదని అక్కడే పెట్టి, అందరికీ నమస్కారం చేసి వెళ్ళాడు.

గురువారం నాడు రంపాల లారీ తోపు దాకా వచ్చి, లోకనాథ్ గారి కాగితం చూసి, వెనక్కి తిరిగిపోయింది. ఆ కాగితం నకలు ఇప్పటికీ బుల్లిరాజు గారి దగ్గర ఉంది, వచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపిస్తున్నారు. జంతువు పేరు అన్న చోట బావురు పిల్లి అనీ, నిర్ధారించిన విధానం అన్న చోట తడి తువ్వాలు అనీ స్పష్టంగా రాసి ఉంది. జంతువు ప్రస్తుత స్థితి అన్న చోట లోకనాథ్ గారు ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో, రెండే రెండు మాటలు రాశారు: శుభ్రంగా ఉంది.